పసివాని పళ్ళెంలో ఎంత? – చిన్నపిల్లల ఆహారాన్ని కొలిచే విధానం

“అడగనిదే అమ్మయినా పెట్టదు” అని మన సామెత. ఇంకా మాటలు రాని పసివాడు ఎట్లా అడుగుతాడు? ఏడుస్తాడు. ఆ ఏడుపు ఆకలిదా, నిద్రదా, కడుపునొప్పిదా అని తల్లి ఊహించవలసినదే. ఇక ఆ బిడ్డ రోజుకు ఎంత తింటున్నాడు, అది అతని పెరుగుదలకు చాలునా అని తెలుసుకోగోరే శాస్త్రజ్ఞుని పని మరింత కష్టం. అతడు బిడ్డను అడగలేడు. తల్లి మాటనో, తన త్రాసునో నమ్ముకోవాలి. త్రాసును నమ్ముకొంటే ఇల్లు తన సహజస్థితిలో ఉండదు. తల్లి మాటను నమ్ముకొంటే జ్ఞాపకం జారిపోతుంది. ఈ రెండు కష్టాల మధ్య నడిచే శాస్త్రాన్ని గురించి మన కళాశాల విద్యార్థులకు కొంత తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది కేవలం పోషకాహార విద్యార్థులకు చెందిన విషయం అనుకోరాదు. బీదల బిడ్డలకు ప్రభుత్వం పాలు పంచవలెనా, పప్పు పంచవలెనా, గ్రుడ్డు పెట్టవలెనా అన్న నిర్ణయాలన్నీ చివరకు ఈ కొలత మీదనే ఆధారపడతాయి. కొలత తప్పితే వైద్యం తప్పుతుంది. అట్లా తప్పిన సందర్భం ఒకటి ప్రపంచ చరిత్రలోనే ఉన్నది. దానిని సరిదిద్దడంలో మన హైదరాబాదు నగరానికి కూడా పాత్ర ఉన్నది. దానిని ముందు ముందు చూద్దాము.

ఇంటి లెక్కలో కనపడని బిడ్డ

పూర్వం ఆహార పరిశీలన చేసేవారు ఇంటిని ఒక ప్రమాణంగా తీసుకొనేవారు. వంటకు ముందు బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె తూచి, ఇంటిలో ఎందరున్నారో లెక్కించి పంచేవారు. అందరి అవసరం సమానం కాదు గనుక ఒక లెక్క ఏర్పరచుకొన్నారు. కూర్చుండి పని చేసే వయోజనుడైన పురుషుని అవసరం 1 అనుకొంటే, అటువంటి పనే చేసే స్త్రీది 0.8, ఒకటి నుండి మూడేళ్ళ బిడ్డది 0.4, మూడు నుండి అయిదేళ్ళ బిడ్డది 0.5. బరువు పని చేసే కూలికి 1.6. ఈ అంకెలను కూడి, వండిన ఆహారాన్ని ఆ మొత్తంతో భాగిస్తే ఒక్కొక్క ప్రమాణానికి ఎంత దక్కినదో తెలుస్తుంది.

ఈ లెక్క సులభమైనదే. దేశంలో ధాన్యం ఎంత కావాలో అంచనా వేయడానికి పనికి వచ్చేదే. కాని దీనిలో దాగిన ఊహ ఒకటి ఉన్నది: ఇంటిలో వండినది ఎవరి అవసరాన్ని బట్టి వారికి న్యాయంగా పంపకమవుతుందని. ఈ ఊహ నిజమైతే అభ్యంతరం లేదు. నిజం కాకపోతే? ఇంటి మొత్తం సరిపోయినట్లు కాగితంపై కనపడుతుంది. బిడ్డ మాత్రం అర్ధాకలితో ఉంటాడు.

ఇట్లా జరగడానికి తల్లిదండ్రుల నిర్దయ కారణం కాదు. పెద్దవాడు రెండు పూటలు నిండుగా తిని రోజు గడపగలడు. ఏడాది బిడ్డ పొట్ట చిన్నది. ఒక్కసారి అతడు తినగలిగినది అతని బరువులో ప్రతి కిలోకు సుమారు 30 గ్రాములు మాత్రమే అని అంచనా. ఎనిమిది కిలోల బిడ్డ పూటకు పావుకిలోకు మించి తినలేడు. కాబట్టి అతనికి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. పెట్టినది నీళ్ళగా కాక చిక్కగా ఉండాలి. ప్రక్కన కూర్చుని ఓపికగా తినిపించాలి. ప్రొద్దున కూలికి పోయి సందెవేళ వచ్చే తల్లికి బియ్యం కొరత కంటె ఈ తీరిక కొరతే పెద్దది. జాతీయ పోషకాహార పర్యవేక్షక సంస్థ మన రాష్ట్రాలలో జరిపిన పరిశీలనలలో పెద్దలకు చాలినంత ఆహారం ఉన్న ఇళ్ళలో సైతం బడి ఈడు రాని బిడ్డకు చాలని సందర్భాలు అనేకం కనపడినవి. ఇంటి లెక్కను విడిచి, వ్యక్తి లెక్కకు వచ్చిన తరువాతనే ఈ సత్యం బయటపడినది.

హైదరాబాదు నేర్పిన పాఠం

1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన పరిశోధన క్రమంగా పెద్ద ప్రయోగశాల అయినది. 1958లో అది హైదరాబాదుకు తరలి వచ్చినది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. తార్నాక మీదుగా వెళ్ళే విద్యార్థులు ఆ ఆవరణను చూచియే ఉంటారు. పైన పేర్కొన్న పర్యవేక్షక సంస్థ 1972లో ఈ సంస్థ ఆధ్వర్యంలోనే ఏర్పడి, దశాబ్దాల తరబడి పల్లెల్లో ఇంటింటి ఆహారాన్ని కొలిచినది.

ఆ కాలంలో ప్రపంచమంతటా ఒక నమ్మకం ప్రబలి ఉండేది. బీదదేశాల పిల్లల లోపం ముఖ్యంగా మాంసకృత్తుల లోపమని, పాలపొడి, చేపపిండి, ప్రత్యేకమైన సంపన్నాహారాలు పంచితే చాలునని నిపుణులు భావించారు. 1968లో ఐక్యరాజ్య సమితి రానున్న ‘మాంసకృత్తుల సంక్షోభం’ గురించి నివేదికనే వెలువరించినది. ఆ సమయంలో డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు చేసినది ఏమిటంటే, పిల్లలు నిజముగా తింటున్నది ఏమిటో కొలిచి చూచుట. వారికి తేలినది ఇది: అన్నము, జొన్న, పప్పులతో కూడిన ఆ ఆహారంలో మాంసకృత్తుల పాలు అంత తక్కువ కాదు, మొత్తం ఆహారమే తక్కువ. కడుపు నిండా అదే ఆహారం తింటే మాంసకృత్తుల అవసరం కూడా చాలామేరకు తీరుతుంది. నిండక పోతే, తిన్న కాస్త మాంసకృత్తులను కూడా శరీరం ఇంధనంగా కాల్చివేస్తుంది.

దీనిని పరీక్షించడానికి హైదరాబాదు పరిసర గ్రామాలలో ఒకటి నుండి అయిదేళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 310 కెలోరీల శక్తినిచ్చే అదనపు ఆహారం పెట్టారు. దానిలో మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. పధ్నాలుగు నెలల తరువాత ఆ పిల్లలు ఎత్తులోను, బరువులోను తోటివారి కంటె మెరుగుగా పెరిగారు. ఈ ఫలితం 1973లో ప్రచురితమైనది. మరుసటి ఏడు మెక్‌లారెన్ అనే శాస్త్రజ్ఞుడు ‘లాన్సెట్’ వైద్యపత్రికలో మాంసకృత్తుల ఉద్యమాన్ని ఒక మహా వైఫల్యంగా వర్ణించాడు. ఖరీదైన పొడులకు బదులు ఇంటిలో ఉన్న తిండినే మరికొంత, మరికొన్ని సార్లు పెట్టడం ఎంత ముఖ్యమో లోకానికి తెలిసి వచ్చినది. పళ్ళెంలోకి తొంగి చూడకుండా చేసిన సిద్ధాంతానికి, చూచి చేసిన సిద్ధాంతానికి గల భేదం ఇది.

త్రాసు పద్ధతి – జ్ఞాపక పద్ధతి

వ్యక్తి ఆహారాన్ని కొలవడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నవి. మొదటిది తూకపు పద్ధతి. పరిశీలకుడు తెల్లవారకముందే ఆ ఇంటికి చేరి, రాత్రి బిడ్డ నిద్రించు వరకు ఉండి, వడ్డించిన ప్రతిదానిని, మిగిల్చిన ప్రతిదానిని తూచి వ్రాసుకొంటాడు. కొలతలో ఇంతకు మించిన నిక్కచ్చి లేదు. కాని పరిశీలకుని రాకయే ఇంటిని మార్చివేస్తుంది. మన ఇళ్ళలో గడప దాటి వచ్చినవారు అతిథులు. అతిథి ముందు బిడ్డకు వట్టి గంజి పోయడానికి ఏ తల్లి మనసూ ఒప్పదు. ఆ రోజు అప్పు తెచ్చియైనా కూర వండుతుంది. త్రాసు సరిగా తూస్తుంది గాని, తూచినది ఆ ఇంటి నిత్యజీవితం కాదు.

రెండవది గడచిన ఇరవై నాలుగు గంటల ఆహారాన్ని జ్ఞాపకం తెచ్చి చెప్పించడం. ఖర్చు తక్కువ, తల్లికి శ్రమ తక్కువ, ఇంటి వంట మారదు. కాని ఇక్కడ ప్రశ్న అడిగే తీరు మీదనే సర్వమూ ఆధారపడి ఉన్నది. తెలుగు ఇంటిలో “అబ్బాయి నిన్న ఏమి తిన్నాడమ్మా?” అంటే “అన్నం తిన్నాడు” అని వస్తుంది జవాబు. పాతనగరంలో “ఖానా ఖాయా క్యా?” అంటే “ఖాయా” అంటారు. మన రెండు భాషలలోను తిండి అంటే పళ్ళెం పెట్టి తిన్న భోజనమే. మధ్యలో చాయ్‌లో ముంచి పెట్టిన బిస్కట్టు, అన్న చేతిలోంచి లాక్కొన్న అరటిపండు ముక్క, నానమ్మ నాకించిన బెల్లం, పొరుగింట తిన్న దోసె – ఇవేవీ ‘తిండి’ కావు, ‘ఖానా’ కావు. పరిశీలకునికి మాత్రం ఇవన్నీ తిండియే.

అందుచేత అనుభవజ్ఞులు ఒకే తల్లిని ఒకే రోజును గురించి విడతలు విడతలుగా అడుగుతారు. మొదటి విడతలో బిడ్డ లేచినది మొదలు పడుకొన్నదాకా అడ్డురాకుండా చెప్పనిస్తారు. రెండవ విడతలో ప్రతి పదార్థం ఎట్లా వండినదీ, ఏమేమి వేసినదీ అడుగుతారు. మూడవ విడతలో ఎంత పెట్టినదీ, ఎంత మిగిలినదీ కొలత గిన్నెలతో చూపమంటారు. చివరకు మొత్తం చదివి వినిపించి, మరచినవి ఉన్నవా అని అడుగుతారు. “గ్రుడ్డు పెట్టారా?” అని మొదటనే అడుగరాదు, అట్లా అడిగితే పెట్టవలసినదేమో అనుకొని “పెట్టాను” అనే అవకాశం ఉన్నది. ముందురోజే ఆ ఇంటికి ఒక గిన్నె, ఒక పళ్ళెం ఇచ్చి, రేపు బిడ్డకు విడిగా వీటిలోనే పెట్టండని చెప్పి వచ్చే విధానం కూడా ఉన్నది. ఒకే పళ్ళెంలో ముగ్గురు పిల్లలు కలిసి తినే ఇళ్ళలో ఇది ఎంతో మేలు.

ఒక గిన్నెడు పప్పన్నం

ఉదాహరణకు ఒక బస్తీలో పధ్నాలుగు నెలల బిడ్డ ఉన్నాడనుకొందాము. “మధ్యాహ్నం ఒక గిన్నెడు పప్పన్నం తిన్నాడు” అన్నది తల్లి. ఈ ఒక్క వాక్యాన్ని అంకెగా మార్చాలి.

కొలిచి చూడగా గిన్నెలో అన్నం 140 గ్రాములు, పప్పు 100 గ్రాములు పట్టినవి. ఆ ఇంటిలో కిలో బియ్యం వండితే 2.8 కిలోల అన్నం అయినది. 200 గ్రాముల కందిపప్పుకు నీళ్ళు పోసి ఉడికిస్తే 1,600 గ్రాముల పప్పు అయినది. అంటే గిన్నెలో ఉన్నది 50 గ్రాముల బియ్యం, 12.5 గ్రాముల కందిపప్పు. నూరు గ్రాముల బియ్యానికి 345, కందిపప్పుకు 335 కెలోరీల చొప్పున మొత్తం 214 కెలోరీలు. కాని గిన్నెలో అయిదవ వంతు మిగిలినది. దానిని అక్క తిన్నది. కనుక బిడ్డకు దక్కినది 172 కెలోరీలే. మిగిలినది అడుగకపోతే 43 కెలోరీలు ఎక్కువ వ్రాసినట్లే.

ఇక మరొక వైపు చూడండి. తల్లి ఆ అన్నంలో ఒక చెంచా నూనె గాని, నెయ్యి గాని కలిపి, ఆ మాట చెప్పడం మరచిపోయినది. అయిదు గ్రాముల నూనెకు 45 కెలోరీలు. అంటే ఆ ఒక్క చెంచా మరపు, అయిదవ వంతు ఎంగిలి మరపుకు సమానం! ఇంకొక చిక్కు. బిడ్డకు అరగదేమోనని కొందరు తల్లులు చిక్కని పప్పు కాక, పైన తేరిన పప్పుకట్టు మాత్రమే పోస్తారు. కాగితం మీద రెండూ ‘పప్పు’యే. శరీరానికి రెండూ ఒకటి కావు.

ఒకటి రెండేళ్ళ మధ్య బిడ్డకు తల్లిపాలు సగటుగా దొరుకుతుంటే, పై ఆహారం నుండి రోజుకు సుమారు 550 కెలోరీలు రావలెనని అంచనా. తొమ్మిది నుండి పదకొండు నెలల బిడ్డకు 300, ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డకు 200. ఇంత చిన్న మొత్తాలలో 43 కెలోరీల పొరపాటు పెద్దవారి భోజనంలో వలె ఉపేక్షింపదగినది కాదు. బిడ్డ ఎంత చిన్నవాడైతే కొలతలో పొరపాటు అంత పెద్దదవుతుంది.

ఆహారాన్ని శక్తిగా మార్చే ఈ పట్టికలు కూడా ఊరకే రాలేదు. 1937లో కూనూరులో అయిక్రాయిడ్ హయాంలో వెలువడిన చిన్న పుస్తకంతో మొదలై, 1971లో గోపాలన్ ప్రభృతుల సంపుటంగా పెరిగి, 2017లో 528 ఆహార పదార్థాల విశ్లేషణతో కొత్త పట్టికగా హైదరాబాదు నుండే వెలువడినవి. పై ఉదాహరణలో వాడినవి పాత సంపుటంలోని విలువలు.

తల్లిపాల కొలత

గిన్నెకు అందని ఆహారం ఒకటి ఉన్నది, అది తల్లిపాలు. దానిని కొలిచే పాత పద్ధతి, పాలిచ్చే ముందు, ఇచ్చిన తరువాత బిడ్డను తూచడం. పెరిగిన బరువే త్రాగిన పాలు. మధ్యలో బిడ్డ మూత్రం పోసినా రెండవ తూకం అయ్యేవరకు గుడ్డ మార్చరాదు. మారిస్తే త్రాసు అబద్ధమాడుతుంది. రాత్రి పూట నిద్రలో త్రాగే పాల కోసం పరిశీలకుడు జాగారం చేయాలి. కొత్త పద్ధతిలో తల్లి కొద్ది మోతాదులో భారజలం త్రాగుతుంది. అది పాల ద్వారా బిడ్డ శరీరంలోనికి ఎంత చేరినదో, రెండు వారాల పాటు ఇద్దరి లాలాజలాన్ని పరీక్షించి గణిస్తారు. ఇది హానిలేనిది, నిక్కమైనది, కాని ఖర్చుతో కూడినది గనుక పెద్ద సర్వేలలో “నిన్న పాలిచ్చారా?” అన్న ప్రశ్నతోనే సరిపెట్టుకోవలసి వస్తున్నది.

ఒక దినం చాలునా?

ఒక్కరోజు ఆహారం చూచి ఒక బిడ్డను గురించి తీర్పు చెప్పరాదు. కూలి డబ్బు అందిన నాటి వంట వేరు, అందని నాటి వంట వేరు. రేషను బియ్యం వచ్చిన వారం వేరు, అయిపోయిన వారం వేరు. రంజాను నెలలో వంట వేళలే మారిపోతాయి. బక్రీదు నాడు ఏడాదంతా మాంసం ఎరుగని ఇంటిలో కూడా మాంసం ఉంటుంది. సంక్రాంతి, ఉగాదులు అంతే. మామిడి కాలంలో దొరికే విటమిన్ ‘ఏ’ మాఘమాసంలో దొరకదు. బిడ్డకు విరేచనాలు పట్టుకొన్న నాడు ఆకలే ఉండదు.

అయితే ఈ చిక్కుకు గణితం ఒక దారి చూపినది. ఒక ప్రాంతపు పిల్లల సగటు ఆహారం తెలియడానికి చాలామంది పిల్లలను ఒక్కొక్క రోజు అడిగితే చాలును. హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సర్దుకొంటాయి. కాని వారిలో ఎందరికి ఆహారం చాలడం లేదు అన్న ప్రశ్నకు ఒక్కరోజు చాలదు. కొందరినైనా, ఎడమిచ్చి, రెండవ రోజు కూడా అడగాలి. ఒక బిడ్డ ఒకరోజు తక్కువ తినడం వేరు, రోజూ తక్కువ తినడం వేరు. మొదటిది జీవితం, రెండవది దారిద్ర్యం. ఈ రెంటిని వేరు చేయలేని సర్వే లోపాన్ని ఉన్నదానికంటె ఎక్కువగానో తక్కువగానో చూపుతుంది.

ఎన్ని విధాల ఆహారం?

గ్రాముల లెక్క కష్టమైనప్పుడు విధముల లెక్క పనికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌లు ఆరు నుండి ఇరవై మూడు నెలల పిల్లలకు ఒక సులభమైన గుర్తు ఏర్పరచినవి. ఆహారాన్ని ఎనిమిది వర్గాలుగా విభజించారు: తల్లిపాలు, ధాన్యాలు, దుంపలు, పప్పులు, గింజలు, పాలు, పెరుగు, మాంసం, చేపలు, గ్రుడ్లు, విటమిన్ ‘ఏ’ గల పండ్లు, కూరలు, ఇతర పండ్లు, కూరలు. గడచిన దినంలో వీటిలో అయిదు వర్గాలైనా బిడ్డ నోటికి చేరితే కనీస వైవిధ్యం ఉన్నట్లు. 2008 నాటి నియమంలో తల్లిపాలను విడిచి ఏడు వర్గాలలో నాలుగు చాలుననేవారు. 2021లో తీపి పానీయాలు, అనారోగ్యకరమైన చిరుతిండ్లు, పండ్లు కూరలు బొత్తిగా తినకపోవడం కూడా లెక్కలోనికి వచ్చినవి. సందు మొగలో పొట్లాల తిండి దొరికే బస్తీలకు ఇది ఎంతో అవసరమైన చేర్పు.

మన దేశంలో ఈ విధమైన లెక్క ఏమి చెప్పినది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నుండి ఇరవై మూడు నెలల పిల్లలలో చాలినంత వైవిధ్యము, చాలినన్ని పూటలు కలిగిన ఆహారం అందినవారు 2015–16లో 9.6 శాతం, 2019–21లో 11.3 శాతం. తొమ్మండుగురిలో ఒక్కడు. ఈ అంకె చదివి ముందుకు సాగిపోవడం తేలిక కాదు.

కాని ఈ గుర్తుకు గల పరిమితి కూడా తెలిసి ఉండాలి. ఒక చెంచా పప్పు నాకినా, గిన్నెడు పప్పు తిన్నా ఇక్కడ లెక్క ఒకటే. ఇది పిల్లల సమూహాన్ని కొలిచే కొలబద్ద. ఫలానా బిడ్డ కడుపు నిండినదా అన్నదానికి జవాబు కాదు. గ్రాముల కొలత చేసే దీర్ఘకాలిక వ్యవస్థ ఆ పనికి కావాలి. పైన చెప్పిన పర్యవేక్షక సంస్థ 2015లో మూతపడడం ఈ దృష్టితో చూస్తే తీరని లోటు.

అడిగేవాని మర్యాద

అన్ని పరికరాల కంటె ముఖ్యమైనది అడిగేవాని నడవడి. తక్కువ పెట్టిన తల్లి సిగ్గుతో ఎక్కువ చెబుతుంది. ఎక్కువ తిన్న బిడ్డ ఆహారం తక్కువగా నమోదవుతుంది. పేద ఇంటి కొరతను ఇట్లా మర్యాదయే కప్పివేస్తుంది. “ఇంతేనా పెట్టారు?” అన్న ఒక్క మాటతో ఆనాటి సమాచారమే కాదు, ఆ వీధి అంతటి సమాచారం చెడిపోతుంది. తల్లి పనికి పోయిన ఇంటిలో తినిపించినది నానమ్మయో, ఎనిమిదేళ్ళ అక్కయో అయితే వారినే అడగాలి. అంగన్‌వాడీ నుండి తెచ్చిన బాలామృతం పొట్లం ఇంటిలో ఉన్నదా అని కాదు, ఎవరు తిన్నారని అడగాలి. నెలకు ఒక బిడ్డకని ఇచ్చిన రెండున్నర కిలోలు నలుగురు పిల్లల ఇంటిలో నలుగురి పాలవుతాయి. అది దొంగతనం కాదు, ఆకలి పంపకం. పంచినది ఎంత అన్న ప్రభుత్వపు లెక్కకు, తిన్నది ఎంత అన్న బిడ్డ లెక్కకు మధ్య దూరం ఇక్కడే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! మనలో ఉర్దూ మాట్లాడేవారున్నారు, తెలుగు మాట్లాడేవారున్నారు. బస్తీలో ఏ ఇంటి గడపలోనైనా ఆ ఇంటి భాషలో మాట్లాడగల శక్తి మన కళాశాలకు సహజంగా ఉన్నది. సేవాపథకం శిబిరాలలో చెట్లు నాటుట, వీధులు ఊడ్చుట మంచివే. వాటితో పాటు ఒక కొలత గిన్నె, ఒక వంటింటి త్రాసు, ఒక నోటు పుస్తకం పట్టుకొని, అనుభవజ్ఞులైన అధ్యాపకుల పర్యవేక్షణలో, ఇంటివారి అనుమతితో, మన చుట్టుప్రక్కల ఇరవై ఇళ్ళలో పసివారు నిన్న ఏమి తిన్నారో శ్రద్ధగా వ్రాసుకొనుట కూడా సేవయే. కళాశాల కమిటీ పెద్దలు దీనిని ఆలోచింతురు గాక. ఆ పుస్తకంలో వ్రాసిన అంకెలు మన స్థానిక అంగన్‌వాడీకి, వైద్యాధికారికి ఉపయోగపడవచ్చును. అంతకు ముందే అవి మనకు ఉపయోగపడతాయి. ప్రక్క ఇంటి బిడ్డ పళ్ళెంలో ఎంత ఉన్నదో ఒకసారి గ్రాములలో వ్రాసుకొన్నవాడు తన పళ్ళెంలో ఎంగిలి వదలేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

అడగనిదే అమ్మయినా పెట్టదన్నారు పెద్దలు. అడగలేని బిడ్డ తరఫున సరిగా అడగడం నేర్చుకొనుటయే ఈ శాస్త్రమంతటి సారము.